గాల్‌బ్లాడర్ ఆపరేషన్: కోసే ముందు చూడాల్సింది

హోస్ట్: అందరికీ నమస్కారం, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు విషయం మా ఇంట్లోంచే వచ్చింది. రెండేళ్ళ కిందట మా పిన్నికి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని ల్యాప్రోస్కోపీ, అంటే పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్, చేశారు. మూడో రోజు ఇంటికొచ్చేసింది. వారం తిరక్కుండా కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లే కదా అని పసరు మందుకి తిప్పాం, పది రోజులు అలా పోయాయి. తర్వాత స్కాన్‌లో తేలింది, లివర్ నుంచి పేగుకి పిత్తం తీసుకెళ్ళే అసలు నాళానికే క్లిప్పు పడిందని. అక్కా, రాయగడలో మీరు చేసేవి ఇవే ఆపరేషన్లు కదా, ఇలా ఎందుకు జరుగుతుంది?

డాక్టర్: ముందు చెప్పు తమ్ముడూ, పిన్ని ఇప్పుడెలా ఉంది?

హోస్ట్: బాగానే ఉంది. విశాఖ తీసుకెళ్తే ఇంకో పెద్ద ఆపరేషన్ చేసి నాళాన్ని పేగుకి కలిపారు.

డాక్టర్: హమ్మయ్య. సరే, మీ ఊరి మహేంద్రతనయ వెళ్ళి వంశధారలో కలుస్తుంది కదా, లివర్‌లోనూ అంతే. కుడి నుంచి ఒక నాళం, ఎడమ నుంచి ఒకటి వచ్చి కలుస్తాయి, కాస్త కిందికి దిగాక గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే సన్న నాళం వాటితో కలుస్తుంది. మేం కత్తిరించాల్సింది ఆ సన్నదాన్నే. అయితే ఆ కలిసే చోటు మనిషి మనిషికీ మారుతుంది. కొందరికి కుడివైపు వెనక భాగం నుంచి వచ్చే నాళం పైన కలవకుండా కిందికి జారి, ఒక్కోసారి ఆ సన్న నాళంలోనే కలుస్తుంది. కొందరికి సన్న నాళం అసలు నాళాన్ని అంటిపెట్టుకుని చాలా దూరం పక్కపక్కనే నడుస్తుంది. పైగా మేం గాల్‌బ్లాడర్‌ని పట్టి లాగుతాం, ఆ లాగుడికి రెండూ ఒకే వరసలోకి వచ్చి, పెద్దదే సన్నదని భ్రమ కలుగుతుంది. మీ పిన్నికి జరిగింది బహుశా ఇదే.

హోస్ట్: రక్తనాళాలు కూడా ఇలాగే మారతాయా?

డాక్టర్: అవీ మారతాయి! 1994లో వెయ్యి మంది లివర్ దాతల్లో లివర్‌కి వెళ్ళే ధమనులు ఎలా ఉన్నాయో లెక్క రాశారు. పుస్తకంలో బొమ్మలా ఉన్నది 75.7 శాతం మందికే. సుమారు పదిమందిలో ఒకరికి కుడి ధమని, పూర్తిగానో కొంతగానో, పేగులకి వెళ్ళే పెద్ద ధమని నుంచి వస్తుంది. ఎడమ ధమని జీర్ణాశయం ధమని నుంచి పుట్టేవాళ్ళూ దాదాపు అంతే మంది.

ఒక అమ్మాయి గుర్తొస్తోంది. పంతొమ్మిదేళ్ళు, సికిల్ సెల్. మన వైపు ఆ జబ్బు ఎక్కువే, రక్తకణాలు త్వరగా విరిగిపోతుంటాయి కాబట్టి చిన్న వయసుకే నల్లరాళ్ళు పడతాయి. లోపల కొవ్వు తీస్తుంటే ఒక ధమని కనబడింది, క్లిప్పు చేతిలోనే ఉంది, కానీ అది లావుగా ఉంది. గాల్‌బ్లాడర్‌కి వెళ్ళేది సన్నగా, దారంలా ఉండాలి. ఆగి, దాని వెంబడే నెమ్మదిగా శుభ్రం చేసుకుంటూ వెళ్తే, అది గొంగళిపురుగులా వీపు పైకెత్తి వంగి, మళ్ళీ లివర్‌లోకే వెళ్ళిపోయింది. ఆ వంపు మీద నుంచి గాల్‌బ్లాడర్‌కి చిన్న కొమ్మ. నేను కోయాల్సింది ఆ కొమ్మని. క్లిప్పు పెద్దదానికి పడి ఉంటే లివర్ కుడి భాగానికి ధమని రక్తం ఆగిపోయేది.

హోస్ట్: వింటేనే టెన్షన్‌గా ఉంది. మరి ఏది కోయాలో ఎలా తేల్చుకుంటారు?

డాక్టర్: స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ 1995లో మూడు షరతులు చెప్పారు. గాల్‌బ్లాడర్‌కీ లివర్‌కీ అసలు నాళానికీ మధ్య మూలలో కొవ్వు, పీచు అంతా తీసేయాలి, గాల్‌బ్లాడర్ కింది భాగాన్ని లివర్ నుంచి విడదీయాలి, అప్పుడు గాల్‌బ్లాడర్‌లోకి వెళ్ళేవి రెండే రెండు, ఆ సన్న నాళం, దాని ధమని, కనబడాలి. కనబడకపోతే కోయకూడదు, అంతే. వాపు ఎక్కువై ఏదీ తేలకపోతే గాల్‌బ్లాడర్‌లో కొంత భాగం వదిలేసి బయటికి రావచ్చు, పొట్ట తెరిచి చేయొచ్చు. పొట్ట తెరిచారంటే ఫెయిలయ్యారని ఇంట్లోవాళ్ళు కోప్పడతారు, దయచేసి అలా అనుకోవద్దు.

హోస్ట్: ముందే స్కాన్‌లో తెలియదా?

డాక్టర్: మామూలు అల్ట్రాసౌండ్‌లో రాళ్ళు తెలుస్తాయి, కొమ్మలు తెలియవు. ఎంఆర్‌సీపీ అని పిత్తనాళాల్ని చూసే ఎంఆర్ఐ స్కాన్ ఉంది, అందులో చాలావరకు నాళాలు కనిపిస్తాయి గానీ అందరికీ చేయరు. ఆపరేషన్ అయ్యాక మాత్రం కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లబడినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. పసరుకి కాదు. నాళం మూసుకుపోతే ఏ మందూ తెరవదు.

హోస్ట్: విశాఖలో మమ్మల్ని మొదట అడిగింది పాత ఆపరేషన్ నోట్స్. మా దగ్గర లేవు అక్కా, డిశ్చార్జ్ కాగితం ఒక్కటే ఉంది.

డాక్టర్: రెండోదాని నోట్స్ ఉన్నాయా?

హోస్ట్: ఉన్నాయి, బీరువాలో.

డాక్టర్: ఫోటో తీసి పిన్ని ఫోన్‌లోనూ నీ ఫోన్‌లోనూ పెట్టు. పేగుకి కలిపిన చోటు ఏళ్ళ తర్వాత కూడా సన్నబడొచ్చు. చలి జ్వరం వస్తే అది దానివల్ల కావచ్చు, మలేరియా అని ఎవరైనా అనేలోపే ఆ కాగితం చూపించాలి.