బాప్తిస్మం తర్వాత పడిపోయినవాడికి దారి ఎటు?

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈ వారం ఒక్క ప్రశ్న మీదే మాట్లాడతానండి. బాప్తిస్మం తీసుకుని, ప్రభువు బల్లలో, అంటే సంఘంతో కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడంలో, చెయ్యి వేసి, పదిమంది ముందు సాక్ష్యం కూడా చెప్పిన మనిషి ఆ తర్వాత ఘోరంగా పడిపోతే, తిరిగి రావడానికి దారి ఉందా? ఉంటే ఆ దారి ఎవరి గుమ్మం ముందు నుంచి వెళ్తుంది?

మన డెల్టాలో సంఘాలకు కొదవ లేదు. లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరన్ అసెంబ్లీలు, బైబిలు మిషను, పెంతెకొస్తు, ఆర్.సి.ఎం. అనే రోమన్ కథోలికులు, అందరూ ఉన్నారు. ఉజ్జీవ సభలు పెడితే జనం ట్రాక్టర్లెక్కి వస్తారు. ఆ సభల్లో మనకు బాగా నచ్చేది సాక్ష్యం. "తాగేవాణ్ని, పేకాడేవాణ్ని, ప్రభువు నన్ను పట్టుకున్నాడు" అని ఒకాయన చెబుతుంటే అందరూ స్తోత్రం అంటారు. ఆ సాక్ష్యాలంటే నాకు గౌరవం. వాటి వల్ల నిలబడిన ఇళ్లు ఉన్నాయి. కాని మనం వినే కథ ఎప్పుడూ అక్కడికే ఆగిపోతుంది. రక్షణ పొందాక మళ్లీ పడ్డవాడు ఆ మాట చెప్పుకోవడానికి మన పందిళ్లలో చోటు లేదు.

ఒక మనిషిని అనుకుందాం. ఇది ఫలానా వాళ్ల కథ కాదు. అయినా కోనసీమలో, పశ్చిమ గోదావరిలో ఉన్నవాళ్లకు ఇలాంటి ఇల్లు కొత్త కాదు. భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, నెలనెలా డబ్బు పంపుతోంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్నారు. భర్త సంఘంలో పాటలు నడిపిస్తాడు, కానుకల లెక్క రాస్తాడు. సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గరకు వెళ్లాడు, అప్పు పడ్డాడు. అప్పు తీర్చడానికి ఇంటికోసం ఆమె పంపిన డబ్బు తీశాడు. పోయింది రాబట్టుకోవాలని ఇంకొంచెం తీశాడు. ఫోన్లో మాత్రం "స్లాబ్ వేయిస్తున్నాను" అంటూనే ఉన్నాడు. ఆదివారం పాటలు పాడుతూనే ఉన్నాడు. ఒకరోజు సంగతి బయటపడింది.

తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు. పెద్దలు కూర్చుని, కొన్నాళ్లు ప్రభువు బల్లలో పాలు లేకుండా అతనికి బల్ల ఆపుతారు. ఆ కొన్నాళ్లలో అతని ఇంటికి వెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు. అతను పక్క ఊరి సంఘంలో చేరి, అక్కడ ఎవరికీ తెలియదు కాబట్టి, కొద్ది నెలలకే మళ్లీ పాటలు అందుకుంటాడు. లేదంటే ఇంట్లో కూర్చుండిపోయి బైబిలు ముట్టడం మానేస్తాడు. నాకు వీటన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఉపవాస ప్రార్థనలో అతను వెక్కి వెక్కి ఏడుస్తాడు, అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి "ప్రభువే క్షమించాడు, మనం మర్చిపోదాం" అంటారు. వచ్చే ఆదివారానికి మైకు మళ్లీ అతని చేతిలో ఉంటుంది. కువైట్‌లో ఉన్న ఆమెను మాత్రం ఎవరూ ఒక్క మాట అడిగి ఉండరు.

ఇప్పుడు 51వ కీర్తన తియ్యండి. ఈస్టరుకు ముందు శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం నాడు చాలా సంఘాల్లో దీన్ని చదువుతారు. దావీదు దీన్ని కొత్తగా నమ్మినప్పుడు రాయలేదు. అప్పటికి సమూయేలు ప్రవక్త చేత రాజుగా అభిషేకం పొంది ఎన్నో ఏళ్లయింది, సింహాసనం మీద కూర్చున్నాడు. తన సైనికుడు ఊరియా యుద్ధంలో ఉండగా అతని భార్య బత్షెబను పిలిపించుకున్నాడు. ఆమె గర్భవతి అని తెలిశాక, యుద్ధం గట్టిగా జరిగేచోట ఊరియాను ముందు నిలబెట్టి వెనక్కి తగ్గండని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. 2 సమూయేలు 11వ అధ్యాయంలో ఆ మాట చదివినప్పుడల్లా నేను కాసేపు ముందుకు వెళ్లలేను. తన చావును తనే మోసుకెళ్లిన సైనికుడు. మనం సండే స్కూల్లో దావీదు, గొల్యాతు కథ చెప్పినంతగా ఈ కథ చెప్పం.

నాతాను ప్రవక్త వచ్చి, ఒక ధనవంతుడు బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని తన అతిథికి వండించాడని చెప్పాడు. దావీదు మండిపడ్డాడు. వాడు చావదగినవాడు, గొర్రెపిల్లకు నాలుగంతలు తిరిగి ఇవ్వాలి అన్నాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు నాతాను.

ఆ కీర్తన 4వ వచనంలో దావీదు దేవునితో "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు. ఈ వచనాన్ని అడ్డం పెట్టుకుని "దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, ఇక మనుషులతో నాకేం పని" అనేవాళ్లున్నారు. నేను దీనికి ఒప్పుకోను. రాజును నిలదీసే న్యాయస్థానం ఆ దేశంలో లేదు. మనుషులెవరూ అడగలేని నన్ను అడిగేవాడివి నువ్వున్నావు అని రాజు లొంగిపోయిన మాటగా నేను దాన్ని చదువుతాను. కీర్తన పైన ఏం రాసి ఉందో కూడా చూడండి. బత్షెబ సంగతి, నాతాను వచ్చిన సంగతి రెండూ ఉన్నాయి. పైగా అది ప్రధాన గాయకుడికి ఇచ్చిన కీర్తన. ఆ పాపం సంగతి పేర్లతో సహా ఆరాధనలో పాడేవాళ్ల చేతికి వెళ్లింది.

ఇంకా కిందికి వెళ్తే, నాలో శుద్ధహృదయం కలుగజేయమని, రక్షణానందం నాకు మరల పుట్టించమని అడుగుతాడు. పాత మనసుకు కాస్త మరమ్మతు చేయమని కాదు, కొత్తది కావాలని అడిగాడు. పడిపోయిన విశ్వాసికి ఇంతకంటే ధైర్యం ఎక్కడ దొరుకుతుంది? అడగొచ్చు. దావీదు అంతవాడు, అంత చేసినవాడు అడిగాడు. అతిక్రమం చేసేవాళ్లకు నీ త్రోవలు బోధిస్తాను అనే మాట మాత్రం 13వ వచనంలో గాని రాదు. ఒప్పుకోవడం, కడగమనడం, కొత్త హృదయం అడగడం అంతా అయ్యాక బోధ. మనం ఏడుపు వినపడగానే మైకు ఇచ్చేస్తున్నాం.

దేవుడు దావీదును క్షమించాడు. మరి ఊరియా సంగతి? క్రిస్మస్ రోజుల్లో మత్తయి 1వ అధ్యాయంలోని వంశావళి చదువుతాం కదా, పేర్లే కదా అని గబగబా దాటేస్తాం. 6వ వచనం దగ్గర ఆగండి. సొలొమోను తల్లి పేరు చెప్పాల్సిన చోట ఊరియా భార్యగా ఉండిన ఆమె అని ఉంది. దావీదు చనిపోయి దాదాపు వెయ్యేళ్లు గడిచాయి. ఆమె దావీదు భార్య అయింది, రాజమాత అయింది. అయినా యేసుక్రీస్తు వంశావళిలో, కొత్త నిబంధన మొదటి పేజీలో, అన్యాయమైపోయిన ఆ సైనికుడి పేరు అలాగే ఉంది. దావీదు క్షమాపణ ఊరియాను చెరిపేయలేదు. "మర్చిపోదాం" అనే అయ్యగార్లు ఈ వచనం మీద ఒక ఆదివారం ప్రసంగం చేస్తే బాగుంటుందని నా కోరిక.

దావీదు తన నోటితో చెప్పిన నాలుగంతలు ఊరియాకు ఇవ్వలేడు, ఊరియా లేడు. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇవ్వగలిగాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగంతలు తిరిగి ఇస్తాను, ఆస్తిలో సగం బీదలకు ఇస్తాను అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చింది అని యేసు అన్నది ఆ మాట విన్నాకే. డబ్బిచ్చి రక్షణ కొన్నాడని కాదండి. యేసు ముందే అతన్ని పేరు పెట్టి పిలిచాడు, ముందే అతని ఇంటికి వస్తానన్నాడు. కృప ఇంట్లోకి వచ్చేసరికి బీరువా తలుపు తెరుచుకుంది, అంతే.

మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపి, పూడిక తీసి, గుర్రపు డెక్క లాగి, షట్టర్లు బాగుచేసి, మళ్లీ సార్వాకు, అంటే వానాకాలం పంటకు వదులుతారు. పూడిక తీయకపోతే ఎగువ రైతుకు పెద్దగా తెలియదు, అతని చేను ఎలాగో తడుస్తుంది. ఎండిపోయేది శివారు పొలం. అందుకని పని సరిగ్గా జరిగిందా లేదా అన్నది శివారు రైతును అడగాలి. ఆ పాటలు పాడే సోదరుడు మారాడా లేదా అన్నది కూడా గుడిలో అతని కన్నీళ్లు చూసి తేల్చే విషయం కాదు. కువైట్‌లో ఆమెను అడగాలి, ఫీజు కట్టక బడి ముందు నిలబడిన పిల్లాణ్ని అడగాలి.

సంఘం వైపు కూడా చూద్దాం. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. దాన్నే గోదావరి డెల్టా మిషను అంటాం. 1847లో కాటన్ దొర ఆనకట్ట పనులు మొదలయ్యాక, ధవళేశ్వరంలో పోగైన కూలీల మధ్య కూడా వాళ్లు సువార్త చెప్పారు. ఆ ఒరవడిలో వచ్చిన బ్రదరన్ అసెంబ్లీల్లో ఇప్పటికీ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. నెలకోసారి బల్ల ఉండే సంఘంలో కంటే అక్కడ బల్ల ఆపడం చాలా బరువైన శిక్ష. వారం వారం పళ్లెం తన ముందు నుంచే పక్కవాడికి వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. అవసరమైనప్పుడు ఆ శిక్ష ఉండాల్సిందే, నేను కాదనను. కాని పౌలు 2 కొరింథీ 2వ అధ్యాయంలో, సంఘం శిక్షించిన ఒక మనిషి గురించి, ఇక చాలు, అతన్ని క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అని రాశాడు. శిక్ష వేసిన పెద్దలే దాని ముగింపు కూడా చూడాలి. వారానికోసారి ఒక పెద్ద అతని ఇంటికి వెళ్లి కూర్చోవాలి. అప్పుల కాగితాలు ముందు పెట్టించి, ఎవరికి ఎంతో రాయించాలి. ప్రార్థన కూడా ఆ కాగితాల ముందే చేయాలి.

ఒప్పుకోలు మన ఆరాధనల్లో లేక కాదు. లూథరన్ల ఆరాధన క్రమంలో అది ఉంది. 1938లో రాజమండ్రిలో దేవదాసు అయ్యగారు ప్రారంభించిన బైబిలు మిషనులో సన్నిధి కూటాలు ఉన్నాయి, మౌనంగా ప్రభువు ముందు కనిపెట్టుకుని ఉంటారు. కథోలికులకు గురువు దగ్గర పాపసంకీర్తనం ఉంది. మిగతా మనమంతా గుంపులో అందరితో కలిసి "పాపులం" అంటాం. ఒక మనిషి ముందు కూర్చుని "ఈ పని నేను చేశాను" అని చెప్పడం తగ్గిపోయింది. యాకోబు 5:16 ఒకనితో ఒకడు ఒప్పుకోమంటోంది. విన్నది బయటపెట్టని ఒక పెద్దమనిషిని చూసుకుని మొదలుపెట్టండి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లల మీద, ఆడవాళ్ల మీద అఘాయిత్యం జరిగితే అది సంఘం పెద్దలు సర్దుబాటు చేసే విషయం కాదు. పోలీసుల దగ్గరకు వెళ్లాలి. దెబ్బలు తిన్న భార్యను "క్షమించమ్మా, ఆయన మారాడు" అని వెనక్కి పంపడం ఆమె మీద ఇంకో దెబ్బ.

యోహాను సువార్త 21లో యేసు శిష్యుడు పేతురు గురించి చదివితే ఈ సంగతి ఇంకా తేటగా ఉంటుంది. రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడకపోతే ఎలా ఉంటుందో అంతర్వేది వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి ఒడ్డున యేసు ఉన్నాడు. నిప్పుల మీద చేపలు, రొట్టె ఉన్నాయి. ముందు అన్నం పెట్టాడు. భోజనం అయ్యాక అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని, మూడుసార్లు. యేసును పట్టుకున్న రాత్రి "ఈయనెవరో నాకు తెలియదు" అని పేతురు అన్నదీ మూడుసార్లే. అప్పుడు దెబ్బ తిన్నది యేసు, ఇప్పుడు ప్రశ్నలు అడిగేదీ యేసే. జవాబు చెప్పాల్సింది పేతురు. మూడోసారికి పేతురు మనసు నొచ్చుకుంది, అయినా "ఎన్నిసార్లు అడుగుతారు, ఒకసారి చెప్పాను కదా" అనలేదు. మిగతా శిష్యుల ఎదుటే అదంతా జరిగింది. గొర్రెలను మేపమని పని అప్పగించిందీ ఆ దెబ్బ తిన్న ప్రభువే.

తమ్ముడూ, నువ్వు ఈ వీడియో చూస్తుంటే, ముందు ఆమెకు ఫోన్ చెయ్యి. ఆమెకు తీరిక ఉన్న రోజు చూసి చెయ్యి. స్లాబ్ లేదని చెప్పు. ఎంత పోయిందో అంకెతో చెప్పు, తగ్గించకు. "ప్రభువు నన్ను క్షమించాడు" అనే మాటతో మొదలుపెట్టకు. ఆమె అరుస్తుంది, మళ్లీ మళ్లీ అడుగుతుంది. అడిగినన్నిసార్లూ జవాబు చెప్పు. ఆక్వా చెరువు మీద కాపలా పని దొరికినా, మేస్త్రీ పని దొరికినా చేరిపో. మొదటి జీతం నుంచి ఆమె పేరున బ్యాంకులో వెయ్యి. కానుకల లెక్క నీకు ఇక వద్దు. పాటలు వెనక బెంచీలో కూర్చుని పాడు, దేవుడికి వినపడుతుంది.

అక్కా, అక్కడ వంటింట్లో పని చేసుకుంటూ చెవిలో ఫోన్ పెట్టుకుని నువ్వు కూడా ఇది వింటున్నావేమో. క్షమించమని ప్రభువు నిన్ను కూడా పిలుస్తాడు, నీతో ఆయన నేరుగా మాట్లాడతాడు. కాని ఫలానా తారీకులోపు క్షమించాలని నీకు గడువు పెట్టే హక్కు మీ ఆయనకు లేదు, మీ సంఘానికి లేదు, నాకూ లేదు. ఇకమీదట డబ్బు నీ ఖాతాలోనే ఉంచుకో, పిల్లల ఫీజు మీ అమ్మకు నేరుగా పంపు. అలా చేస్తే నీకు ప్రేమ లేదనో విశ్వాసం లేదనో ఎవరైనా అంటే, మత్తయి 1:6 తీసి చదవమను.