మెట్రో పైలట్‌కి ఏం పని?

అందరికీ నమస్కారం. డిప్లొమా చదువుతున్న మీలో చాలామందికి మెట్రోలో చేరాలని ఉందని మీ లెక్చరర్లు చెప్పారు. చాలా సంతోషం. అయితే "రైలు దానంతటదే నడుస్తుంది కదా, పైలట్‌కి ఏం పని?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ పూట ఆ ప్రశ్నకే జవాబు చెప్తాను.

హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మూడు లైన్లూ కలిపి 69 కిలోమీటర్లు. ముందు రైలు ఎక్కడుందో వెనక రైలుకు రేడియో ద్వారా ఎప్పటికప్పుడు తెలుస్తుంది. వేగం పెంచడం, తగ్గించడం, ప్లాట్‌ఫాం మీద సరిగ్గా గీత దగ్గర ఆపడం కంప్యూటరే చూసుకుంటుంది. అది నిజమే.

ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేట స్టేషన్ చూడండి. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొస్తారు. పైలట్ వేలు తలుపులు మూసే బటన్ మీద ఉంటుంది, చూపు మాత్రం మూడు బోగీల పొడవునా తిరుగుతుంటుంది. లావుపాటి వస్తువు అడ్డుపడితే తలుపు మూసుకోదు. చున్నీ కొసో, బ్యాగు పట్టీయో ఇరుక్కుంటే సెన్సర్ పసిగడుతుందన్న భరోసా లేదు, మనిషే చూసుకోవాలి. అదీ ప్రతి స్టేషన్‌లో, షిఫ్టు మొదట్లో ఎంత శ్రద్ధ ఉందో చివర్లోనూ అంతే శ్రద్ధతో. నన్నడిగితే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం ఇదే: ఏమీ జరగని గంటల్లో ఏమరపాటు లేకుండా ఉండడం. అందుకే జపాన్‌లో డ్రైవర్లు సిగ్నల్ వైపు వేలు చూపించి, అది ఏం చూపిస్తోందో పైకే చెప్తారు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది గానీ పరధ్యానానికి అంతకన్నా మంచి మందు లేదు.

రైలు రెండు స్టేషన్ల మధ్య ఆగిపోతే? కింద రోడ్డు, పైన 25,000 వోల్టుల తీగ, లోపల వందల మంది జనం. ముందు ఉప్పల్‌లోని కంట్రోల్ రూమ్‌కి చెప్పాలి. వాళ్లు చెప్పింది మళ్లీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి, "సరే సార్" అంటే కుదరదు. ఆ వెంటనే మైకు అందుకుని ప్రయాణికులతో మాట్లాడాలి. మీ గొంతులో టెన్షన్ వినబడిందంటే క్షణాల్లో బోగీలన్నిటికీ పాకుతుంది. కారణం ఇంకా తెలియకపోయినా "కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుతున్నాను, దయచేసి ఎవరూ తలుపులు తెరవొద్దు" అని నిదానంగా చెప్పడం రావాలి. ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఇది ఉండదు. ఇవాళ్టి నుంచే పైకి వినబడేలా చదవడం, స్పష్టంగా మాట్లాడడం అలవాటు చేసుకోండి.

ఇంకొక్క మాట. పైలట్ ఉద్యోగానికి రంగులు సరిగ్గా గుర్తించే చూపు తప్పనిసరి. ఆ లోపం ఉన్నా చాలామందికి మెడికల్ టెస్టు దాకా తెలియదు. అందుకని దరఖాస్తు పెట్టకముందే కంటి డాక్టర్ దగ్గర చూపించుకోండి. ఇక మీరు అడగండి.