పిల్లలున్న ఇంటికి ఎలాంటి టరాంటులా?

శ్రోతలకు నమస్కారం.

ఆరేడేళ్ల పిల్లలు తమకొక టరాంటులా కావాలని అడిగితే పెద్దలు ఉలిక్కిపడడం సహజమే. అయినా ఆ కోరికను వెంటనే కొట్టిపారేయనక్కరలేదు. అరచేయంత పెరిగే ఈ సాలీడు చప్పుడు చేయదు, ఒక చిన్న పెట్టెలో ఒద్దికగా ఉంటుంది, వారానికో పదిరోజులకో ఒక కీచురాయి దొరికితే దానికి సరిపోతుంది. అయితే జాతిని ఎంచుకోవడంలో పొరపాటు పడితే నష్టం పిల్లల కంటికి కావచ్చు, సాలీడు ప్రాణానికి కావచ్చు. అందువల్ల కొనడానికి ముందే పెద్దలు కొంత తెలుసుకోవాలి.

టరాంటులాకు మచ్చిక కావడమంటూ ఉండదు. అది మనిషిని గుర్తుపట్టదు, చేతిలోకి తీసుకున్నందుకు సంతోషించదు. కొన్ని జాతులు మాత్రం బెదిరినప్పుడు ఎదురు తిరగకుండా ఉన్నచోటనే కదలక ఉండిపోతాయి, లేదా మెల్లగా తమ గూటిలోకి తప్పుకుంటాయి. పిల్లలకు కావలసినవి ఈ జాతులే. చేత్తో పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని నేను ఈ మాట చెప్పడం లేదు. మూత తీసినప్పుడో, నీళ్లు పోసేటప్పుడో ఏదైనా పొరపాటు జరిగినా పిల్లలు గాయపడకుండా బయటపడతారన్నదే నా ఉద్దేశం.

ఈ దృష్టితో చూస్తే ఆసియా, ఆఫ్రికా ఖండాల టరాంటులాలను మొదటే పక్కన పెట్టేయవచ్చు. అవి మెరుపు వేగంతో కదులుతాయి, తొందరగా కరుస్తాయి, వాటి విషం కూడా తీవ్రమైనదే. పిల్లల కన్ను మొదట పడేది రంగు మీద కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. 1899లో గుత్తి వద్ద దొరికిన నమూనా ఆధారంగా శాస్త్రలోకానికి పరిచయమైన పీసిలోథీరియా మెటాలికా అనే నీలి సాలీడు చూడడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ ప్రజాతి సాలీళ్ల కాటువల్ల కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధించిన సందర్భాలున్నాయి. పైగా ఆ జాతి తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. అది పిల్లల గదిలో ఉండవలసిన జీవి ఎంతమాత్రం కాదు.

మిగిలినవి అమెరికా ఖండాల జాతులు. ఆరోగ్యవంతులైన వారికి వీటి కాటు సాధారణంగా తేనెటీగ కుట్టినంత బాధే కలిగిస్తుంది. కానీ వీటిలో చాలావాటికి పొట్ట మీద దురద పుట్టించే నూగు ఉంటుంది. బెదిరిన సాలీడు మనవైపు వెనుదిరిగి, వెనుక కాళ్లతో పొట్టను చకచకా రుద్ది, ఆ నూగును గాలిలోకి వదులుతుంది. చర్మానికి తగిలితే దూలగొండి తగిలినట్టు దద్దుర్లు వస్తాయి, కొన్ని గంటలకో రోజులకో తగ్గిపోతాయి. కంటిలో పడితే మాత్రం సంగతి వేరు. 2009లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, వారాల తరబడి ఎర్రబడిన కన్నుతో ఒక వ్యక్తి వైద్యుల దగ్గరకు వెళ్లాడు. పెంపుడు టరాంటులా ఉన్న గాజుపెట్టెను శుభ్రం చేస్తుండగా అది వదిలిన నూగు అతని కంటి నల్లగుడ్డులో గుచ్చుకుని ఉంది. ఆ ముళ్లు ఎంత సూక్ష్మమైనవంటే వాటిని పట్టి తీయడానికి వైద్యుల పరికరాలకు సాధ్యం కాలేదు. ఆ సాలీడు చిలీ రోజ్ జాతిది, అంటే సాధువుగా పేరుపొందినదే. అందుచేత ఎంత నెమ్మదైన జాతినైనా ముఖం పెట్టెలోకి వంచి చూడకూడదు, పెట్టెలో ఏది ముట్టుకున్నా చేతులు కడుక్కునేవరకు కళ్లు నులుముకోకూడదు. ఈ రెండు నియమాలూ పిల్లలకు అలవాటు కావాలి.

నన్నడిగితే మొదటి సాలీడుగా నేను చెప్పేది టిల్టోకాటిల్ ఆల్బోపిలోసస్. నికరాగ్వా, కోస్టారికా ప్రాంతాలకు చెందిన ఈ జాతిని పెంపకందారులు ఉంగరాల జుట్టు సాలీడుగా ఎరుగుదురు. గోధుమరంగు ఒంటి మీద బంగారు ఛాయ గల పొడవైన వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉంటాయి. వెలుతురు పక్కనుంచి పడినప్పుడు చూస్తే ఒక్కొక్క వెంట్రుక వంపూ విడిగా కనిపిస్తుంది. తొందరగా బెదరదు, ఆహారం దగ్గర పేచీ పెట్టదు, చిన్న చిన్న లోపాలను ఓర్చుకుంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన, నల్లని ముఖమల్ వంటి గ్రామోస్టోలా పుల్క్రా ఇంకా నెమ్మది అంటారు చాలామంది, నేనూ కాదనను. ఎర్ర మోకాళ్ల మెక్సికో సాలీడు అందమైనదే గాని నూగు విసరడంలో తొందరపాటు ఎక్కువ. చిలీ రోజ్ ఒక్కొక్కసారి నెలల తరబడి తిండి ముట్టదు. అది దానికి మామూలే అయినా పిల్లలు బెంగపడతారు. చెట్లమీద బతికే గులాబీ పాదాల జాతులు చటుక్కున దూకుతాయి కనుక వాటిని తర్వాతి కాలానికి వదిలేయడం మంచిది. ఇక ఏ జాతిలోనైనా చిరాకుపడే సాలీళ్లు కొన్ని ఉంటాయి. కొనేముందు సన్నని కుంచెతో వెనుక కాలిని మెల్లగా తాకించి చూపమని అమ్మేవారిని అడగండి. ముందుకాళ్లు పైకెత్తి కోరలు చూపిస్తే దాన్ని వదిలేసి మరొకదాన్ని చూడండి.

అడవిలో పట్టి తెచ్చినది కాకుండా పెంపకంలో పుట్టినదాన్నే తీసుకోండి, మీ దగ్గర దాన్ని పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా ముందే తెలుసుకోండి. బొట్టంత పిల్ల సాలీళ్లు సున్నితమైనవి, సులభంగా చనిపోతాయి. కాళ్లు చాచితే ఐదారు సెంటీమీటర్లున్న వయసులో తీసుకుంటే మేలు. ఆడదాన్ని ఎంచుకుంటే ఇరవై ఏళ్లకు పైగా బతకవచ్చు. మగది ఎదిగిన తర్వాత ఎక్కువకాలం ఉండదు, మహా అయితే ఏడాదో కొంచెం ఎక్కువో. ఆడదైతే పిల్లలు చదువుల కోసం ఇల్లు విడిచి వెళ్లిన తర్వాత దాన్ని చూసుకోవలసింది తల్లిదండ్రులే. ఆ బాధ్యతకు మీరు సిద్ధపడితేనే ముందుకు వెళ్లండి.

పెట్టె పొడవు, వెడల్పుల కంటే ఎత్తు విషయంలోనే జాగ్రత్త అవసరం. టరాంటులా పొట్ట పలుచని సంచి వంటిది, కొద్దిపాటి ఎత్తునుంచి పడినా పగిలి ప్రాణం పోవచ్చు. కాబట్టి అడుగున కొబ్బరి పొట్టో మట్టో మందంగా నింపి, పైన మిగిలే ఖాళీ సాలీడు కాళ్ల చాపుకు ఒకటిన్నర రెట్లు మించకుండా చూడాలి. పిల్లల చేతికి ఇవ్వకూడదనడానికి కూడా ఇదే కారణం. సాలీడు చేతి మీద పరుగెత్తితే పిల్లలు అప్రయత్నంగా చెయ్యి విదిలిస్తారు. దాక్కోవడానికి ఒక బెరడు ముక్క, తాగడానికి లోతులేని నీళ్లపళ్లెం ఉంటే చాలు, దీపాలు అక్కరలేదు. ఆ గదిలో దోమల మందు, పురుగుల మందు చల్లకూడదు. సాలీడుకు అవి విషం.

కుబుసం విడిచే సమయం పిల్లలు జీవితాంతం గుర్తుంచుకునే దృశ్యం. దానికి ముందు సాలీడు తిండి మానేస్తుంది, పట్టుదారాలతో పరుపు అల్లుకుని వెల్లకిలా పడుకుంటుంది. చనిపోయిందనుకుని తిప్పబోయి చంపినవారు ఎందరో. గంటల తరబడి శ్రమించి పాత చర్మంలోంచి కాళ్లను ఒక్కొక్కటే లాక్కుంటుంది. బయటికి వచ్చినప్పుడు దాని కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి తిరిగి నల్లబడే వరకు, కనీసం వారం పదిరోజులు, ఆహారం వేయకూడదు. ఆ సమయంలో పెట్టెలో వదిలిన కీచురాయి సాలీడునే కొరికి తినగలదు.

మూత తీయవద్దంటే ఆగగలిగే వయసు పిల్లలకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. సాలీడును తేకముందే పెట్టెను సిద్ధం చేసి, ఖాళీగానే ఒక నెల గదిలో ఉంచండి. పెద్దలు పక్కన ఉన్నప్పుడే మూత తీసి నీళ్లపళ్లెం నింపడం, తర్వాత చేతులు కడుక్కోవడం పిల్లల పనిగా పెట్టండి. నెలపాటు ఆ పని చెప్పినట్టు చేస్తే సాలీడును తెచ్చుకోవచ్చు. లేకుంటే పెట్టెను అటక మీద పెట్టి, మరో ఏడాది తర్వాత దించండి.

నమస్కారం.