ముప్పై ఏళ్ల పిల్లలకు ఇంటి తాళంచెవి

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం దేని గురించి మాట్లాడతారని నిర్వాహకులు ఫోనులో అడిగారు. "పెద్దవాళ్లైన పిల్లలు, నియమనిష్ఠలున్న ఇళ్లు" అన్నాను. "అంటే మతం మీదా, మేడమ్?" అని అవతలి గొంతు కాస్త తగ్గింది. కాదు బాబూ, తాళంచెవి మీద, అన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు గాని, పోనీలే అనుకుని ఒప్పుకున్నారు.

ముప్పై నాలుగేళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. కుటుంబ సమస్యల మీద నాకు పట్టా లేదు. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత ఒకటే. మాది మడి, ఆచారం గల ఇల్లు. అందులో ఒక కూతురిని పెంచాను. ఆమెకు ఇప్పుడు 31 ఏళ్లు, మాతోనే ఉంటోంది. 29 ఏళ్లు వచ్చేదాకా మా ఇంటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టలేదు. ఇవ్వకూడదని మేం తీర్మానించుకోలేదు, ఇవ్వాలని తోచలేదు, అంతే. ఆ ఇంటికి మూడు తాళంచెవులు ఉండేవి. మావారి దగ్గర ఒకటి, నా సంచిలో ఒకటి, పొద్దున్నే వచ్చే పనిమనిషి కోసం తులసికోట వెనక ఒకటి. లెక్క మీకే తెలుస్తోంది కదా.

అమెరికాలో 2020 జులైలో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 52 శాతం మంది తల్లిదండ్రులతో ఉంటున్నారని అక్కడి ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. అక్కడి పత్రికలు కంగారు పడ్డాయి. మనకు నవ్వొస్తుంది. పెళ్లికాని పిల్లలు ఇంట్లో కాక ఇంకెక్కడ ఉంటారు? ఆ దేశంలో అడిగే ప్రశ్న "ఇంకా ఇంట్లోనే ఉంటున్నావా?" అని. మన దగ్గర అడిగేది "ఇంకా పెళ్లి కాలేదా?" అని. మన ఇళ్లలో మనిషి పెద్దవడం వయసుతో జరగదు, పెళ్లితో జరుగుతుంది. పెళ్లయ్యేదాకా నలభై వచ్చినా 'పిల్లలే'. అయితే అమెరికాలోనూ కొన్ని నిష్ఠగల క్రైస్తవ కుటుంబాలు, కూతురు పెళ్లిదాకా తండ్రి నీడలో, ఇంట్లోనే ఉండాలని బోధించాయి. ఆ సంగతి చదివినప్పుడు నాకు పరాయి దేశం గురించి చదువుతున్నట్టు అనిపించలేదు.

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కు నాలుగు రోజుల ముందు, మా అమ్మాయి హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక సూట్‌కేసుతో దిగింది. విశాఖలో ఆ నెలలో అలా దిగిన పిల్లలు ఎంతమందో. రెండు వారాలు ఉండి వెళ్తామనుకున్నారు. ఏళ్లు ఉండిపోయారు. హాస్టల్లో, అద్దె గదుల్లో తమ పద్ధతిన బతకడం అలవాటైన వాళ్లు మళ్లీ మన పద్ధతిలోకి వచ్చి పడ్డారు. అప్పటిదాకా పండగకు నాలుగు రోజులు సర్దుకుపోయేవారు. నాలుగు రోజులు ఎవరైనా ఎలాగైనా సర్దుకుపోగలరు.

మా ఇంట్లో నెలలో మూడు రోజులు ఆడవాళ్లు దూరంగా ఉండాలి. మా అత్తగారి నాటి పద్ధతి, నేనూ పాటించినదే. వెనకవైపు చిన్న గది, అందులో చాప, చెంబు, విడి కంచం. ఆ గదిలో ప్లగ్గు లేదు. చాపకు ప్లగ్గెందుకు? మా అమ్మాయికి పదకొండింటికి మీటింగు. ల్యాప్‌టాప్‌లో చార్జింగు లేదు. నేను హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగ లాగి, కిటికీ ఊచల్లోంచి కర్రతో లోపలికి తోశాను. తీగ తాకితే మైల అంటుతుందా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని, విద్యుత్తు గురించి నాకు తెలియక కాదు. లోపల ఆమె పన్నెండు మంది ఉద్యోగులకు పని పురమాయిస్తోంది. ఇది ఇలా కాదు, అలా చెయ్యండి, శుక్రవారానికి అయిపోవాలి అంటోంది. గొంతులో తడబాటు లేదు. కిటికీ ఇవతల నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఆమె మాట్లాడుతూనే, నా వైపు చూడకుండా, బాక్సు అందుకుంది.

ఆ రోజు ఏదో బోధపడిందని చెబితే అబద్ధమవుతుంది. కర్ర కడిగి మూల పెట్టి వంటకు వెళ్లిపోయాను.

ఇది ఒక్క మా ఇళ్ల జబ్బు అనుకునేవారికి మరో రెండు సంగతులు. నాతో పనిచేసిన ఒకామెది ప్రార్థనాపరులైన కుటుంబం. నగలు లేవు, సినిమా లేదు, రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థన. ఆమె కొడుకు బ్యాంకు ఉద్యోగి, ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. ఒకనాడు నాతో "ఆంటీ, కళ్లు మూసుకుంటాను గాని లోపల ఏమీ లేదు" అన్నాడు. అమ్మకు చెప్పవచ్చు కదా అంటే, "చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. నేను లోకంలో పడిపోయానని సంఘంలో తెలిస్తే ఇక ఎవరొస్తారు?" అన్నాడు.

రెండోది నా పాత విద్యార్థిని, ముస్లిం అమ్మాయి. ఆమె కథ తిరగబడి ఉంటుంది. వాళ్ల నాన్న ఏటా దర్గా కొండ ఎక్కి చాదర్ సమర్పించి వచ్చే మనిషి. ఆ అమ్మాయి చదువుకుని, గ్రంథాలు తిరగేసి, దర్గాలకు మొక్కడం తప్పని తేల్చుకుంది. ఆ ఇంట్లో కట్టుబాటు కూతురిది, బెరుకు తండ్రిది. మనవాళ్లలో మాల వేసుకున్న కొడుకు 41 రోజులూ తల్లిని వంటింట్లో పరుగులు పెట్టించడం మీరు చూడలేదా? నిష్ఠ ఎప్పుడూ పెద్దల నుంచి పిల్లలకే దిగుతుందని నేను అనుకోను. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల వైపు నుంచి దిగుతుంది.

ఆ బ్యాంకు అబ్బాయి మాట దగ్గర కాస్త ఆగాలి. కట్టుబాటు కాపలా కాసేది తండ్రి కోపం అనుకుంటాం. తండ్రి కోపం పిల్లలకు అలవాటే, దాన్ని ఎలా దాటాలో పదేళ్లకే నేర్చుకుంటారు. అసలు కాపలాదారు సంబంధాల బజారు. అన్న గుడికి రాడంటే చెల్లి జాతకం వెనక్కి వస్తుంది. అక్క బురఖా తీసేస్తే తమ్ముడి గురించి ఆరా తీస్తారు. కాబట్టి ఇంట్లో పెద్దపిల్ల నోరు మూసుకునేది భక్తితోనూ కాదు, భయంతోనూ కాదు, తోబుట్టువు మీద ప్రేమతో. ఆ ప్రేమను మనం భక్తి ఖాతాలో జమ చేసుకుంటున్నాం.

చట్టం ఏమంటుందో త్వరగా చెప్పేస్తాను. 18 నిండితే మేజరు, ఇది 1875 నాటి చట్టం. 1989 నుంచి ఓటూ ఆ వయసుకే వచ్చింది. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చే అంతరాత్మ స్వేచ్ఛ తండ్రికి ఎంతో కూతురికీ అంతే. కేరళలో మతం మారి పెళ్లి చేసుకున్న 24 ఏళ్ల హాదియా వివాహాన్ని 2017లో హైకోర్టు రద్దుచేసి ఆమెను తల్లిదండ్రులకు అప్పగిస్తే, 2018 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. విశ్వాసం, జీవిత భాగస్వామి, రెండూ ఆమె ఇష్టమే అంది. ఇటు చూస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన మాట పిల్లలు వినాల్సినది: తల్లిదండ్రులు సొంతంగా సంపాదించుకున్న ఇంట్లో కొడుకు ఉండేది వాళ్ల దయ మీదే, హక్కుగా కాదు. పెళ్లైనా అంతే, కాకపోయినా అంతే. కూతుళ్లను కొడుతున్నా, బంధిస్తున్నా, వెళ్లగొడుతున్నా 2005 గృహహింస చట్టం వారికీ వర్తిస్తుంది, కోడళ్లకే కాదు. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, ఈ నంబర్లు రాసుకోండి.

అంటే చట్టం చక్కగా పంచిపెట్టింది. ఇల్లు పెద్దలది, అంతరాత్మ పిల్లలది. మన ఇళ్లలో ఆ రెండింటినీ ఒకే కొంగుకు ముడివేశాం. అన్నం కావాలంటే పూజకు రా. పైగా ఇప్పుడు చాలా ఇళ్లలో ఫ్లాటు వాయిదాలు కట్టేది ఆ పిల్లల జీతమే. వాళ్ల సర్టిఫికెట్లు మాత్రం అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంటాయి. పిల్లలూ, ఆ కాగితాలు మర్యాదగా అడిగి తెచ్చుకోండి. పోట్లాట వచ్చాక అడిగితే బీరువా తాళం కనిపించదు.

ఇప్పుడు మన సింహాచలం నరసింహస్వామి, అప్పన్న దగ్గరికి వస్తాను. విశాఖలో ఉండి ఆయన్ను తలచుకోకుండా ఏ మాటా పూర్తి కాదు. మన స్థలపురాణం ఏమిటి? హిరణ్యకశిపుడు కొడుకును సింహగిరి మీదనుంచి సముద్రంలోకి తోయించాడు, స్వామి పరుగున వచ్చి కాపాడాడు. ఎందుకు తోయించాడు? ఇంట్లో ఉంటూ, ఇంటి అన్నం తింటూ, తండ్రి చెప్పిన దేవుడికి మొక్కనన్నాడని. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు లక్షలమందిమి 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా చుట్టివచ్చేది తండ్రి మాట వినని కొడుకును కాపాడిన దేవుడి కొండ. తిరిగొచ్చి కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ, "రేపు సత్యనారాయణ వ్రతానికి లేకపోతే ఈ ఇంట్లో ఉండక్కర్లేదు" అని కొడుకుతో అంటాం.

ఒక పెద్దాయన నాతో వాదించారు. "ప్రహ్లాదుడు నమ్మింది నిజమైన దేవుణ్ణి తల్లీ, మన పిల్లలు దేన్నీ నమ్మరు." సరే. కాని హిరణ్యకశిపుడికీ తను నమ్మినదే నిజమనిపించింది. అనిపించకపోతే కన్నకొడుకును తోయించేవాడు కాదు.

2022 ఆషాఢంలో నేనూ మా అమ్మాయీ గిరిప్రదక్షిణ చేశాం. మావారికి మోకాళ్ల నొప్పి. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. అడవివరం, హనుమంతవాక దాటి అప్పూఘర్ చేరేసరికి నా ఎడమ మడమ బొబ్బ కట్టి చితికింది. సముద్రస్నానం చేసి, తడిచీరతోనే గట్టు మీద కూలబడ్డాను. చుట్టూ జనం, మైకుల్లో గోవిందలు, ఎవరో పులిహోర పొట్లాలు పంచుతున్నారు. మా అమ్మాయి నా కాలు తన ఒళ్లో పెట్టుకుని, మంచినీళ్ల సీసాతో ఇసుక కడిగి, చున్నీ అంచు చింపి కట్టింది. కడుతూ కడుతూ, తల ఎత్తకుండా అంది.

"అమ్మా, నాకు నమ్మకం లేదు. పోయి చాలా ఏళ్లయింది. నడవడం మాత్రం ఇష్టం."

"మరి ఇన్నేళ్లూ దీపం పెడుతున్నావు కదే?"

"ఇల్లు మీది కదమ్మా."

నాకు కోపం రాలేదు. సిగ్గు వేసింది. నమ్మకం లేనందుకు కాదు, ఇన్నేళ్లు నా పక్కన కూర్చుని లలితాసహస్రం చదివిన మనిషి ఎవరో నాకు తెలియనందుకు. సింహాద్రినాథుడి నిజరూపం ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయనాడే చూస్తాం, మిగతా రోజులన్నీ చందనమే. ఆయన వేడి చల్లార్చడానికి చందనం పూస్తారని అంటారు. మా అమ్మాయి చందనం పూసుకున్నది మా వేడికి.

అక్కడితో ఆగిపోలేదు, లేచి నడిచాం. మాధవధార దగ్గర టీ తాగాం. పొద్దుటికి గోపాలపట్నం దాటి కొండ కిందికి చేరాం. దారంతా ఆమె తన ఆఫీసు కబుర్లు చెప్పింది. పదేళ్లలో అన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వారంలోనే పూర్ణా మార్కెట్ దగ్గర నాలుగో తాళంచెవి చేయించాను. ఆమె చేతికిచ్చి ఒకటే మాట అన్నాను: పూజకు రావడం నీ ఇష్టం, వచ్చినా రాకపోయినా కంచంలో అన్నం పడుతుంది. ఆ మాట అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. వెనక గదిలో ఇప్పుడు ప్లగ్గు ఉంది, చాప లేదు. నా పూజ నేను చేసుకుంటూనే ఉన్నాను, మడి కట్టుకునే చేసుకుంటున్నాను. నేను మారిపోయానని ప్రచారం చేస్తున్న బంధువులు ఇక్కడ ఉంటే గమనించగలరు. మార్గశిర గురువారం బురుజుపేట అమ్మవారి దగ్గరికి ఆమె ఒక్కోసారి నాతో వస్తుంది, ఒక్కోసారి రాదు. వచ్చిన రోజున, ఆమె నాకోసం వచ్చిందని నాకు తెలుసు. ముందు తెలిసేది కాదు.

మా సంబంధాల సంగతి అడగకండి. రెండు వెనక్కి పోయాయి. అమ్మాయికి పూజలూ పునస్కారాలూ ఉన్నాయా అని అడిగితే, ఆమెనే అడగండి అన్నాను. అడగలేదు, లేచి వెళ్లిపోయారు. ఈ ఖర్చు ఉండదని నేను మీకు చెప్పను.

ఇక మావారు. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యారు. నాలుగో తాళంచెవి ఆయనకు ఇప్పటికీ ఇష్టం లేదు. రాత్రి పదిన్నరకు ఆమె తలుపు తీసుకుని వస్తుంటే, నిద్రపోతున్నట్టు నటిస్తూ గడియారం చూస్తారు. నేను చెప్పినదాంట్లో సగం తప్పని, మిగతా సగం ఇంటి గుట్టని ఆయన అభిప్రాయం. అదిగో, మూడో వరుసలో, తెల్లచొక్కా. ప్రశ్నల సమయం మొదలవుతోందట. మొదటి ప్రశ్న ఆయనదే అయ్యుంటుంది. బాబూ, ఆ మైకు అటు ఇవ్వండి.