కట్టుకుని, ఫొటో దిగి, వాపసు ఇచ్చేస్తే తప్పేంటి?

(విజువల్: కడప వై.వి. స్ట్రీట్, సాయంత్రం రద్దీ. బట్టల షాపు కౌంటర్ మీద ఒక లెహంగా కవర్.)

"అన్నా, ఇది సైజు సరిపోలేదు. వాపసు తీసుకో."

"ఎప్పుడు కొనింది అక్కా?"

"శుక్రవారం."

"మొన్న ఆదివారం అన్నీ పెళ్లిళ్లే కదక్కా. వేసుకున్నారా?"

"లేదులే. ట్యాగ్ కూడా అట్లే ఉంది, చూడు."

ట్యాగ్ నిజంగానే అట్లే ఉంది. చంక దగ్గర పౌడరు తెల్లగా ఉంది. దుపట్టా మడత విప్పితే మల్లెపూల వాసన. కౌంటర్‌లో కుర్రోడు యజమాని వైపు చూశాడు. ఆయన తల ఊపాడు. పాత కస్టమర్, పోగొట్టుకోవడం ఎందుకు? లెహంగా లోపలికి పోయింది, డబ్బులు బయటికొచ్చాయి.

ఇది ఊహించి రాసిన సంభాషణే. బట్టల షాపులో కొన్నాళ్లు పనిచేసినవాళ్లకు మాత్రం వింతగా అనిపించదు.

(విజువల్: టైటిల్ కార్డ్.)

నమస్తే. కొత్త బట్టలు ఒక ఫంక్షన్‌కు వేసుకుని, తర్వాత కొత్తవే అన్నట్టు తిరిగి ఇచ్చేయడం గురించి ఈ వీడియో. రిటైల్ వ్యాపారంలో దీన్ని వార్డ్‌రోబింగ్ అంటారు. ఆన్‌లైన్ వచ్చాక ఈ పని ఇంకా సులువైంది. అక్కడ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. రిటర్న్ నొక్కి, కారణాల్లో 'సైజు సరిపోలేదు' ఎంచుకుంటే చాలు. రెండు రోజుల్లో బ్యాగు తగిలించుకుని ఒక కుర్రాడు గుమ్మం ముందు నిలబడతాడు. ట్యాగ్ ఉందా, రంగు అదేనా అని ఫోన్లో టిక్కులు పెట్టుకుని పోతాడు. చంక వాసన చూడమని అతనికెవరూ చెప్పరు కదా.

ఇది మన ఊరి జబ్బే అనుకోకండి. 2018లో బ్రిటన్‌లో బార్‌క్లేకార్డ్ అనే క్రెడిట్ కార్డు సంస్థ ఒక సర్వే చేయించింది. సోషల్ మీడియాలో ఫొటో పెట్టుకోవడానికే బట్టలు కొని, తర్వాత వాపసు ఇచ్చామని 9 శాతం మంది చెప్పారు. అడిగితే ఒప్పుకున్నవాళ్ల లెక్క అది. ఒప్పుకోనివాళ్ల సంగతి మీకే వదిలేస్తున్నా.

(విజువల్: డ్రెస్ మీద కొట్టొచ్చినట్టు కనిపించే నల్ల ట్యాగ్, యానిమేషన్.)

అమెరికాలో బ్లూమింగ్‌డేల్స్ అనే పెద్ద షాపు 2013లో ఒక ఉపాయం చేసింది. 150 డాలర్లు దాటిన డ్రెస్సులకు మూడంగుళాల నల్ల ప్లాస్టిక్ ట్యాగ్ తగిలించింది. మెడ వెనక దాచుకునేటట్టు కాదు, పది మందికీ కనిపించే చోట. ఇంట్లో వేసుకుని చూసుకోవచ్చు. పార్టీకి పోవాలంటే మాత్రం ట్యాగ్ తెంపాలి, తెంపితే వాపసు లేదు. 2019లో ఏసోస్ అనే ఆన్‌లైన్ బట్టల కంపెనీ వాపసు గడువును 45 రోజులకు పెంచింది. ఆ చేత్తోనే, వేసుకుని తిరిగి పంపుతున్నట్టు తేలితే అకౌంట్ మూసేస్తామని కూడా హెచ్చరించింది.

మన చీరకు ఈ బెడద తక్కువ. ఫాల్ కుట్టించాలి, జాకెట్టు ముక్క కత్తిరించాలి. అంత చేశాక వాపసు మాట ఎత్తడానికి ఎవరికైనా మొహమాటమే. అందుకే ఈ ఆట ఎక్కువగా లెహంగాలు, గౌన్లు, షేర్వాణీలు, కుర్తా సెట్లు, బూట్ల మీద నడుస్తుంది.

ఇంకో సంగతి ఉంది. మన ఇళ్లలో కొత్త బట్ట కట్టుకునే ముందు ఓ మూల పసుపు పెడతారు. పసుపు పెట్టాక ఆ బట్ట ఇంక ఆ మనిషిదే. రంజాన్‌కు కొత్త బట్టలు వేసుకునే ఇంట్లో అత్తరు పూసుకుంటారు. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ మార్చి 31న వచ్చాయి. ఉగాది నాడు ముస్లింలు కూడా దేవుని కడప గుడికి వచ్చి దండం పెట్టుకునే ఊరు మనది. అలాంటి ఊళ్లో రెండు పండుగలూ పక్కపక్కనే వస్తే ఎన్ని మూలలకు పసుపు, ఎన్ని కాలర్లకు అత్తరు అయ్యుంటుందో ఆలోచించండి.

ఇప్పుడు వాపసు ఇద్దామని ముందే అనుకున్న మనిషిని గమనించండి. ఆమె పసుపు పెట్టదు. ఆయన అత్తరు జోలికి పోడు. కూర దగ్గర జాగ్రత్త, కుర్చీలో కూర్చునేటప్పుడు జాగ్రత్త, ట్యాగ్ లోపలికి దోపుకోవడంలో ఇంకా జాగ్రత్త. నా లెక్కలో అసలు సాక్ష్యం ఇదే. తప్పేం లేదని నిజంగా అనుకునేవాళ్లకు ఇంత జాగ్రత్తతో పనేముంది?

(విజువల్: లెహంగా ప్రయాణం. కౌంటర్, ఇస్త్రీ, కొత్త కవర్, మళ్లీ హ్యాంగర్.)

సరే, నష్టం ఎవరికి? "షాపోళ్లకేంలే, కోట్లు సంపాదిస్తారు" అనేది అందరూ చెప్పే మాట. లెహంగా వెనకాలే వెళ్లి చూద్దాం.

షాపు ముందు రెండు దారులు. మొదటిది, వాడిందని ఒప్పుకుని ధర తగ్గించి అమ్మడం. అప్పుడు నష్టం షాపుది. పెద్ద షోరూమ్ తట్టుకుంటుంది. ప్రొద్దుటూరులోనో ధర్మవరంలోనో ఇంట్లో నాలుగు బీరువాలు పెట్టుకుని వాట్సాప్‌లో చీరలమ్ముకునే ఆవిడ తట్టుకోలేదు. చాలామంది చిన్న అమ్మకందార్లకు కొరియర్ ఖర్చు పోనూ, రానూ వాళ్ల మీదే పడుతుంది. పైగా పట్టు మీద వెండి జరీ ఉంటే చెమటకు, సెంటుకు నల్లబడుతుంది. సీజన్ అయిపోయాక చేతికొచ్చిన పెళ్లి బట్ట మళ్లీ ముహూర్తాలు వచ్చేదాకా బీరువాలోనే.

రెండో దారి, ఇస్త్రీ చేసి కొత్త కవర్లో పెట్టి మళ్లీ హ్యాంగర్‌కు తగిలించడం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈసారి దాన్ని కొనేది షాపువాడి మీద ఏ కోపమూ లేని మనిషి. బద్వేలు నుంచో పులివెందుల నుంచో పొద్దున బస్సెక్కి, కూతురి ఓణీల ఫంక్షన్‌కని నాలుగు షాపులు తిరిగి, బేరమాడి, పూర్తి ధర ఇచ్చి తీసుకెళ్తుంది. ఇంట్లో దీపం దగ్గర పెట్టి పసుపు పెడుతుంది. ఆ లెహంగా అప్పటికే ఒక పెళ్లి చూసిందని ఆమెకు తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు కూడా.

నాకు ఈ విషయంలో అభ్యంతరం మొత్తం ఇక్కడే ఉంది. వాపసు ఇచ్చేటప్పుడు చెప్పిన అబద్ధం కౌంటర్ దగ్గర ఆగదు. షాపువాడు దాన్ని ఇంకొకరికి అమ్ముతాడు. ఆ అమ్మకంలో వాడిదీ తప్పే, కాదనను. కానీ మొదలుపెట్టింది మనం.

(విజువల్: 'ఆషాఢం ఆఫర్' బ్యానర్లు.)

"మరి షాపుల మోసం తక్కువా? ఆషాఢం వస్తే రేటు పెంచి, దాని మీద డిస్కౌంట్ రాస్తారు. పాత స్టాకు కొత్తదని అంటగడతారు." ఈ వాదనలో నిజముంది. అలాంటి షాపులు లేవని నేను బుకాయించను. కానీ వాడు మీ దగ్గర ఎక్కువ గుంజితే మీరు చెల్లు చేసుకుంటున్నది ఎవరి దగ్గర? బద్వేలు నుంచి వచ్చిన ఆ తల్లి దగ్గర. షాపుతో తగువుంటే తీర్చుకోవడానికి వేరే దారులున్నాయి. వాటికే వస్తున్నా.

బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని అచ్చు వేసి ఉంటుంది. అది చూసి చాలామంది నోరు మూసుకుంటారు. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, లేకపోతే 30 రోజులు. షాపువాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

గమనించండి, ఇది లోపమున్న సరుకుకు. మనసు మారింది, నచ్చలేదు అంటే షాపు తీసుకోవాల్సిందేనని మన చట్టంలో ఎక్కడా లేదు. ఏడు రోజులు, పద్నాలుగు రోజులు అని ఆన్‌లైన్లో రాసేది ఆ కంపెనీలు తమంతట తాము ఇచ్చే సదుపాయం. 'వాడనిది అయ్యుండాలి' అని దాని పక్కనే రాసి ఉంటుంది. యూరప్‌లో అయితే ఆన్‌లైన్లో కొన్నవి 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కిచ్చే హక్కు చట్టంలోనే ఉంది. అక్కడ కూడా ఒక మెలిక పెట్టారు. సరుకు ఎలా ఉందో చూసుకోవడానికి అవసరమైనదానికంటే ఎక్కువ వాడి దాని విలువ తగ్గిస్తే, తగ్గిన మేరకు కొన్నవాళ్లే భరించాలి. షాపులో ట్రయల్ రూములో ఎంత చేస్తామో ఇంట్లోనూ అంతే చేయవచ్చన్నమాట. చట్టం సంగతి ఎలా ఉన్నా, మనకు మనం పెట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన గీత నాకు దొరకలేదు. వేసుకుని అద్దంలో చూసుకోండి, అత్తకు చూపించండి, చెల్లెలికి వీడియో కాల్ చేయండి. గడప దాటి మండపానికి వెళ్తే అది ట్రయల్ కాదు.

పనిలో పనిగా ఒక మాట. మన నోట్లో మోసగాడంటే ఇప్పటికీ ఫోర్ ట్వంటీనే. అది పాత శిక్షాస్మృతి ఐపీసీలో మోసం సెక్షన్ నంబరు. 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక మోసం సెక్షన్ 318 అయింది. లెహంగా కోసం కేసు పెట్టేంత ఓపిక ఏ షాపువాడికీ ఉండదు, అది వేరే సంగతి.

(విజువల్: ఇంటి చాప మీద పరిచిన చీరల మూట. చుట్టూ ఆడవాళ్లు.)

ఇప్పుడు నాకు అన్నిటికంటే విలువైనదనిపించే విషయం. మన చిన్న ఊళ్లలో షాపుల్లో ఒక అలవాటుంది. తెలిసిన కుటుంబం వస్తే, "ఇంట్లో చూపించుకోని రాండి" అని పది చీరలు మూటగట్టి ఇస్తారు. చాలాసార్లు చేతికి డబ్బు కూడా తీసుకోరు. ఇంటి దగ్గర అవ్వ చూస్తుంది, పెళ్లికూతురు చూస్తుంది, వదిన ఒకటి భుజాన వేసుకుని వంక పెడుతుంది. రెండు ఉంచుకుని ఎనిమిది వెనక్కి పంపుతారు. ఏ యాప్ ఇంత ఉదారంగా ఉంటుంది చెప్పండి? కాలు కదపలేని అవ్వకు కూడా ఎంచుకునే అవకాశం ఇచ్చేది ఇదొక్కటే.

దీని కింద రాతకోతలు లేవు. మడత విప్పి చూస్తారు, కట్టుకుని తిరగరు అనే నమ్మకమొక్కటే ఉంది. రెండుసార్లు చీరల్లో మల్లెపూల వాసన వచ్చిందంటే మూడోసారి మూట కట్టరు. 'నో ఎక్స్‌ఛేంజ్' అని బోర్డు పెడతారు. ఆ బోర్డు తగిలేది మోసం చేసినవాళ్లకు కాదు, వాళ్లు ఇంకో షాపు చూసుకుంటారు. కొడుకు కొలత కంటితో అంచనా వేసి ప్యాంటు కొని, రెండంగుళాలు తక్కువై మళ్లీ బస్సెక్కి వచ్చిన మనిషికి తగులుతుంది.

(విజువల్: హాస్టల్ గది, తలుపుకు వేలాడే ఒకే ఒక బ్లేజర్.)

ఒక కష్టమైన ప్రశ్న మిగిలింది. డిగ్రీ అయిన కుర్రాడికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ ఉంది. మంచి చొక్కా లేదు, బూట్లు లేవు. ఆన్‌లైన్లో తెప్పించి, ఇంటర్వ్యూ ముగించి, వెనక్కి పంపాడు. ఇతన్ని, రీల్ కోసం గౌను తెప్పించినవాళ్లను ఒకే గాటన కట్టగలమా? నేను కట్టను. అవసరం వేరు, ముచ్చట వేరు. అయినా ఆ బూట్లు ఇంకొకరికి కొత్తవిగా చేరతాయన్నది మారదు. కాబట్టి అతన్ని తిట్టడం కంటే దారి చూపించడం మేలు. మన హాస్టళ్లలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. ఒకే బ్లేజర్ నలుగురి ఇంటర్వ్యూలకు హాజరవుతుంది. భుజాలు కాస్త వదులుగా ఉంటే ఉంటాయి. అడగడానికి సిగ్గుపడి అబద్ధం చెప్పడం ఎందుకు?

ఇంకొకటి కూడా అడుగుతారు. "ఒకసారి కట్టుకున్నా, రంగు దిగింది. ఇప్పుడు వాపసు అడగకూడదా?" నిక్షేపంగా అడగండి. రంగు దిగడం, కుట్టు విడిపోవడం కట్టుకుంటేనే తెలిసే లోపాలు. కట్టుకున్నానని దాచకుండా చెప్పి అడగండి. ఫొటోలు తీసి పెట్టుకోండి, బిల్లు పారేయకండి.

(విజువల్: అద్దె బట్టల షాపు.)

ఒక్క రోజుకే బట్ట కావాలంటే అద్దె ఉంది. పెళ్లి నగలు అద్దెకు తెచ్చుకోవడం మనకు కొత్తేం కాదు. షేర్వాణీలు, ఫొటోషూట్ గౌన్లు కూడా ఇప్పుడు అద్దెకు దొరుకుతున్నాయి. అద్దెకిచ్చే షాపు ధర పెట్టేటప్పుడే ఉతుకు, ఇస్త్రీ లెక్క వేసుకుంటుంది. తర్వాత తీసుకెళ్లేవాళ్లకు కూడా అది ఎవరో వేసుకున్నదని తెలుసు. అందుకే అక్కడ ఎవరికీ పేచీ లేదు. తీసుకునే ముందు మంచి వెలుతురులో బట్టంతా తిప్పి చూసి, అప్పటికే ఉన్న మరకలు, చిరుగులు ఫోన్లో ఫొటో తీసుకోండి. డిపాజిట్ ఎంత, ఒక రోజు ఆలస్యమైతే ఎంత, పప్పుచారు ఒలికితే ఎంత కోస్తారో రసీదు మీదే రాయించుకోండి.