కర్నూలు మిద్దె మీద ఫెంటాస్టిక్ ఫోర్

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? మేము న్యూజెర్సీ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పుడు పొద్దున ఆరున్నర. కర్నూలు పాతబస్తీలో మా నాయనవాళ్ళ ఇంటి మిద్దె మీద ఉన్నాను. అదిగో, ఆ ఇళ్ళ వెనకాల హంద్రీ. ఇంకొంచెం ముందుకు పోయి తుంగభద్రలో కలుస్తుంది. జెట్‌లాగ్‌తో మావాడు మూడింటికే లేచి కూర్చున్నాడు, వాడితో పాటు నేనూ. కింద వంటింట్లో అమ్మ ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. బజ్జీలు తెస్తానని చిన్నాయన సందు చివరికి పోయినాడు. ఆయన వచ్చేలోపు మీకు ఒకటి చూపించాలి.

ఇదిగో సూట్‌కేస్. 23 కిలోల్లో మాత్రలు, బాదంపప్పు, చాక్లెట్లు పోను మిగిలిన జాగా అంతా ఇవే. ఫెంటాస్టిక్ ఫోర్ కామిక్స్, మొత్తం ముప్పై ఒకటి. మా ఇంటికి దగ్గర్లో పాత కామిక్స్ అమ్మే షాపు ఒకటుంది. మూడేళ్ళుగా అక్కడ ఒక్కొక్కటే కొని దాచాను. చిన్నాయన కోసం.

మా చిన్నాయన ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయినాడు. కర్నూలు-హైదరాబాద్ బస్సు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉన్నాడు. డ్యూటీ మీద హైదరాబాద్‌లో ఉన్న రోజు ఆదివారమైతే, ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికి వెళ్ళి నాకోసం బొమ్మల పుస్తకాలు ఏరుకొచ్చేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అట్ట మీద బొమ్మ చూసి కొనేవాడు. ఒకసారి నారింజ రంగులో, ఒళ్ళంతా బండరాళ్ళు పేర్చినట్టున్న మనిషి బొమ్మ ఉన్న పుస్తకం తెచ్చి, "పాపా, వీడు మన రాతిగుట్ట మాదిరి ఉన్నాడు చూడు" అన్నాడు. అదే మొదలు. అట్లా చేరిన పుస్తకాలతో ఒక రేకు పెట్టె నిండింది.

2009 అక్టోబర్ 2న ఆ పెట్టె పోయింది. కర్నూలువాళ్ళకు ఆ తేదీ చెబితే చాలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊరి మీదకు వచ్చాయి. నేను అప్పటికి అమెరికాలో ఉన్నాను. ఇంటికి ఫోన్ కలవడం లేదు, టీవీలో మునిగిన వీధులు చూపిస్తున్నారు. ఆ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా చేతులు చల్లబడతాయి. మూడో రోజు ఫోన్ కలిసింది. జేజిని భుజాన వేసుకుని చిన్నాయనే మిద్దె ఎక్కించాడని నాయన చెప్పాడు. తర్వాత చిన్నాయన ఫోన్ తీసుకుని అన్న మొదటి మాట, "నీ బొమ్మల పుస్తకాలు తేలేకపోయినా పాపా." ఆ మాట నాలో ఇంకా అట్లాగే ఉంది.

ఈ కామిక్ గురించి తెలియని వాళ్ళకు కొంచెం చెప్తాను. మొదటి సంచిక 1961 నవంబర్ తేదీతో వచ్చింది. రాసింది స్టాన్ లీ, బొమ్మలు వేసింది జాక్ కర్బీ. కథ వాళ్ళిద్దరూ కలిసి అల్లుకున్నదే. రీడ్ రిచర్డ్స్ అనే సైంటిస్టు రాకెట్ తయారు చేస్తాడు. కాస్మిక్ కిరణాలను ఆపే కవచం సరిపోదు, వద్దు అని పైలట్ బెన్ గ్రిమ్ చెబుతాడు. రీడ్ పెళ్ళాడబోయే అమ్మాయి సూ, "పిరికివాడివా?" అన్నట్టు మాట్లాడుతుంది. రోషం వచ్చి బెన్ ఎక్కేస్తాడు. సూ తమ్ముడు జానీ కూడా ఉంటాడు. కిరణాలు తగిలి తిరిగి వచ్చాక రీడ్ ఒళ్ళు రబ్బరులా సాగుతుంది, సూ మాయమవగలదు, జానీ మంటై ఎగరగలడు. వాళ్ళు ముగ్గురూ కావాలంటే మామూలు మనుషుల్లా ఉండొచ్చు. బెన్‌కు మాత్రం ఆ రాతి ఒళ్ళే మిగులుతుంది.

నాకు ఈ కథలో ప్రాణం అంతా అక్కడే ఉంది. వద్దన్నవాడికే ఎక్కువ నష్టం. ఆ తప్పు తనదని రీడ్‌కు తెలుసు. బెన్‌ను మళ్ళీ మామూలు మనిషిని చేయాలని సంచిక తర్వాత సంచిక ప్రయత్నిస్తూనే ఉంటాడు, ఓడిపోతూనే ఉంటాడు. బెన్ కోపంతో వెళ్ళిపోతాడు, మళ్ళీ అదే ఇంటికి వస్తాడు. భోజనాల దగ్గర జానీతో తగువు పడతాడు. రక్తసంబంధం చూస్తే బెన్ వాళ్ళకు ఏమీ కాడు. అయినా ఆయన లేకుండా ఆ ఇల్లు ఇల్లులా ఉండదు.

డబ్బు కష్టాలు కూడా వస్తాయి. 1962లో వచ్చిన తొమ్మిదో సంచికలో రీడ్ షేర్లలో డబ్బు పోగొడతాడు, అప్పులవాళ్ళు తలుపు తడతారు, నలుగురూ సినిమాలో వేషాలకు పోతారు. వేరుశనగ పంట పోయి అప్పులవాళ్ళు వాకిట్లో కూర్చున్న ఇళ్ళు చూసినవాళ్ళం మనం. ఆ సంచిక చదువుతున్నప్పుడు అది వేరే దేశం కథ అనిపించలేదు నాకు.

సూ గురించి కూడా చెప్పాలి, ఆడదాన్ని కాబట్టి ఇంకా గట్టిగా చెప్పాలి. మొదట్లో ఆమెకు మాయమవడం తప్ప ఏమీ రాదు, అందరూ ఆమెను కాపాడేవాళ్ళే. 1964లో వచ్చిన ఇరవై రెండో సంచికలో కనిపించని గోడలు కట్టే శక్తి బయటపడుతుంది. ఇంటిని చాలాసార్లు ఆ గోడలే కాపాడాయి. ఇన్‌విజిబుల్ గర్ల్ అన్న పేరు వదిలేసి ఇన్‌విజిబుల్ వుమన్ అని తనే మార్చుకున్నది మాత్రం 1985లో. మా అమ్మకు ఈ సంగతి చెబితే, "ఇన్నేండ్లు పట్టిందా?" అంది.

సూకు పుట్టిన కొడుకు సంగతి నాకు ఇంకా ఇష్టం. 1968 యాన్యువల్‌లో, అంటే ఏడాదికోసారి వేసే ప్రత్యేక సంచికలో, కాన్పు కష్టమవుతుంది. ఆమె రక్తంలోని కాస్మిక్ శక్తిని అదుపు చేసే పరికరం కోసం రీడ్, జానీ, బెన్ ముగ్గురూ వేరే లోకానికి పోయి తెస్తారు. పిల్లవాడి పేరు ఫ్రాంక్లిన్ బెంజమిన్. మొదటిది సూ వాళ్ళ నాన్న పేరు, రెండోది బెన్ పేరు. తాత పేరు, చిన్నాన్న పేరు కలిపి పెట్టడం మన ఇళ్ళలో పద్ధతే కదండీ! మావాడికి కూడా మా చిన్నాయన పేరే పెట్టుకున్నాం. పిలిచేది వేరే పేరుతో, పాస్‌పోర్టులో ఉన్నది ఆయన పేరు.

జాక్ కర్బీ 1917లో పుట్టింది న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో. ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన కుటుంబం. అక్కడి డెలాన్సీ స్ట్రీట్ పోలికతోనే బెన్ పెరిగిన యాన్సీ స్ట్రీట్‌ను కల్పించారు. లోకమంతా బెన్‌ను హీరో అంటుంటే యాన్సీ స్ట్రీట్ కుర్రాళ్ళు మాత్రం ఏడిపిస్తూనే ఉంటారు. సొంత వీధి అంటే అదే. నిన్న కొండారెడ్డి బురుజు దగ్గర నా స్కూల్ స్నేహితురాలు చిన్నప్పటి ముద్దుపేరుతో గట్టిగా పిలిచింది. ఎంత హాయిగా అనిపించిందో.

ఆగండి, చిన్నాయన వచ్చాడు. కిందికి పోదాం.

బజ్జీల పొట్లం పక్కన పెట్టి మొదటి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. అట్ట మీద ఆ రాతి మనిషి. చిన్నాయన ఏమీ అనలేదు, బొటనవేలితో బొమ్మను నిమిరాడు. మావాడు దగ్గరికి జరిగి తనకొచ్చిన తెలుగులో కథ చెప్పడం మొదలుపెట్టాడు. "తాతా, ఈయన బెన్. ఈయన విమానం నడుపుతాడు. నువ్వు బస్సు నడిపినట్టు."

"అవునా అబ్బీ. ఈయప్పకు పెండ్లాం పిల్లోళ్ళు లేరా?"

"ఉంది కదా, అలీషియా. ఆమెకు కళ్ళు కనిపించవు. బొమ్మలు చేస్తుంది. ముఖం చేత్తో తాకి చూస్తుంది."

"చేత్తో తాకి చూస్తే మనిషి తెలిసిపోతాడులే" అన్నాడు చిన్నాయన.

కొట్లాటకు దిగే ముందు బెన్ ఎప్పుడూ ఒక కేక వేస్తాడు. దాన్ని తెలుగులో ఎట్లా చెప్పాలో మావాడికి తోచలేదు. చిన్నాయన కొంచెంసేపు ఆలోచించి, "ఇంగ చూస్కో నా సామి రంగా!" అన్నాడు. మావాడు ఆ మాట పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు.

ఉగ్గాని తిన్నాక పుస్తకాలన్నీ సర్దాను. "హాల్లో షెల్ఫ్ ఖాళీగా ఉంది, అక్కడ పెడదాం చిన్నాయనా" అన్నాను. ఆయన మెట్ల పక్క గోడ వైపు చూశాడు. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పే గీత అక్కడ ఇంకా ఉంది. సున్నం వేసినప్పుడల్లా నాయన ఆ ఒక్క చోటు వదిలేస్తాడు.

"కింద వద్దు పాపా. మిద్దె మీద రూములో పెడతా" అని పుస్తకాలన్నీ రెండు చేతులా ఎత్తుకున్నాడు. మావాడు నాలుగు లాక్కుని, వెనకే మెట్లు ఎక్కుతున్నాడు. కెమెరా ఆపేస్తున్నానండీ, నేనూ కొన్ని మోయాలి.