నూరు సంపాదిస్తే మిగిలేది రెండుంబావు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో కామర్స్ విద్యార్థులే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఒక లెక్కతో మొదలుపెడతాను. 1973–74లో మన దేశంలో ఆదాయపు పన్నుకు 11 శ్లాబులు, అంటే ఒక్కో ఆదాయ స్థాయికి ఒక్కో రేటు ఉండేవి. ఏడాదికి 2 లక్షలు దాటిన ఆదాయం మీద పన్ను 85 శాతం, ఆ పన్ను మీద మళ్లీ 15 శాతం సర్‌చార్జి. రెండూ కలిపితే 97.75 శాతం. అంటే ఆపైన సంపాదించే ప్రతి నూరు రూపాయల్లో చేతికి మిగిలేది రెండుంబావు! ఇక నిజం ఎవరు చెబుతారు? ఇంట్లో చూసుకోవడానికి ఒక లెక్కల పుస్తకం, ఆఫీసరుకు చూపించడానికి ఇంకొకటి. వ్యాపారం పెంచడానికి వాడాల్సిన తెలివి ఆదాయం దాచడానికి ఖర్చైపోయింది. ఆ రేటు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. దానివల్ల పేదవాడికి జరిగిన మేలు మాత్రం నాకు కనిపించదు.

ఇక ఖర్చు సంగతి. దీని గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. రిజర్వ్ బ్యాంకులో కేంద్ర ప్రభుత్వ ఖాతా నిల్వ 50 కోట్ల కన్నా తగ్గితే చాలు, అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వం రిజర్వ్ బ్యాంకుకు రాసిచ్చే అప్పు పత్రాలు, వాటంతటవే పుట్టేవి. బ్యాంకు కొత్త డబ్బు సృష్టించి ఖాతాలో వేసేది. 1955లో తాత్కాలిక అవసరం కోసం మొదలైన ఈ ఏర్పాటు నలభై ఏళ్లు నడిచింది. బజారులో ధరలు ఎంత పెరిగినా, 1974 నుంచి ఆ బిల్లుల మీద వడ్డీ 4.6 శాతమే. ఆ కొత్త డబ్బు ధరలను ఎగదోస్తే, భారం పడింది ఏ రోజు కూలితో ఆ రోజు బియ్యం కొనుక్కునేవాళ్ల మీద. ఎవరి ఆమోదమూ లేకుండా వాళ్ల దగ్గర వసూలు చేసిన పన్ను అది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

1991లో విదేశీ మారకం అడుగంటి, బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టుకునేదాకా వచ్చాం. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. రేట్లు తగ్గించండి, పన్ను కట్టేవాళ్ల సంఖ్య పెంచండి అని పన్నుల సంస్కరణ కోసం వేసిన రాజా చెల్లయ్య కమిటీ చెప్పింది. 1992లో గరిష్ఠ రేటు 40 శాతానికి, 1997లో 30కి దిగింది. అడ్‌హాక్ బిల్లులను ఆపడానికి 1994 సెప్టెంబరులో ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంకు ఒప్పందం చేసుకున్నాయి. 1997 ఏప్రిల్ నుంచి అవి లేవు. ఖర్చుకు డబ్బు కావాలంటే ప్రభుత్వం కూడా అందరిలాగే మార్కెట్లో వడ్డీ కట్టి తెచ్చుకోవాలి.

2003లో ప్రభుత్వ లోటుకు కళ్లెం వేసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం వచ్చింది. 2007–08 నాటికి కేంద్రం ద్రవ్యలోటు, అంటే రాబడికి మించిన ఖర్చు కోసం చేసే అప్పు, జీడీపీలో (దేశ మొత్తం ఉత్పత్తి విలువలో) దాదాపు 2.5 శాతానికి తగ్గింది. రేట్లు తగ్గినా, కేంద్ర పన్నుల వాటా అదే కాలంలో జీడీపీలో సుమారు 9 శాతం నుంచి 12 దగ్గరికి చేరింది. ప్రపంచమంతా బాగున్న రోజులవి, ఘనతంతా ఈ సంస్కరణలదే అనను. కానీ ప్రభుత్వం అప్పుల కోసం ఎగబడకపోతే, బ్యాంకుల్లో డబ్బు ఫ్యాక్టరీ పెట్టేవాడికి దొరుకుతుంది. ఆ ఐదేళ్లలో పెట్టుబడి అంత జోరుగా పెరగడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

వెళ్లేముందు మీకు ఒక పని చెబుతాను. మీ రాష్ట్ర బడ్జెట్ పత్రాలు తీసి రెవెన్యూ లోటు, అంటే జీతాలు, వడ్డీల లాంటి మామూలు ఖర్చులకు రాబడి ఎంత చాలలేదో చూడండి. తర్వాత, కార్పొరేషన్ల పేరు మీద తెచ్చి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చిన అప్పులు ఎంతో వెతకండి. ఆ రెండు అంకెలూ రాసుకుని, మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు అడగండి.